ఎడమ పాదానికి దూరపు నమస్కారం

నంద్యాల,
12 జూన్ 1978

మామా,

కుడి పాదానికి సాష్టాంగ నమస్కారం. ఎడమ పాదానికి మాత్రం మూడు గజాల దూరం నుంచి, పంచె అంచు కూడా తగలకుండా నమస్కారం. ఇట్లాంటి నమస్కారం శాస్త్రంలో లేదని నువ్వంటావు. శాస్త్రం రాసిన మహానుభావులకు నీ బొటనవేలు లేదు. ఉండి ఉంటే ఒక అధ్యాయం అదనంగా రాసేవాళ్ళు.

మొన్న నువ్వు డాక్టర్ పరంజ్యోతి గారి దగ్గర రక్తం ఇచ్చి, "ఆళ్ళగడ్డ బస్సు పోతాది, ఆయమ్మ ఏం చెప్తాదో నువ్వే విని రాయి" అని కుంటుకుంటూ పోయావు. పోయేవాడివి ఊరికే పోయావా? కిటికీలోంచి తల బయటపెట్టి, "నన్ను పట్టుకొని మాంసం తింటావా, సారాయి తాగుతావా అని అడుగుతాదా? నా నొసట నామం కనపడల్యా?" అని అరిచావు. కండక్టరు నీ నామం వంక చూస్తూ టికెట్లు కొట్టడం మరిచిపోయాడు. నీ తరఫున డాక్టరమ్మకు క్షమాపణ చెప్పాను. "ఆ ప్రశ్న అందర్నీ అడుగుతాను. మా పాస్టరు గారిని కూడా అడిగాను" అన్నది. తినకున్నా తాగకున్నా కొన్ని ఒళ్ళకు ఈ జబ్బు వస్తుందట.

ఇక తీర్పు. నీ రక్తంలో యూరిక్ ఆమ్లం ఉండవలసిన దానికంటే చాలా ఎక్కువ ఉంది. ఉప్పు ఎక్కువైన నీళ్ళ అడుగున పలుకులు కట్టినట్టు, నీ వేలి కీలులో సూదుల్లాంటి పలుకులు కట్టాయి. రసాయనశాస్త్రంలో బి.ఎస్సీ. పాసై రెండేళ్ళుగా యేసుదాసన్న మందుల షాపులో సీసాల దుమ్ము తుడుస్తున్న నాకు, చదివిన చదువు పనికొచ్చిన మొదటి రోజు ఇది. అందుకు నీ వేలికి కృతజ్ఞుణ్ణి.

మందు పేరు అల్లోప్యూరినాల్. ఆ ఆమ్లం ఒంట్లో తయారు కాకుండా తగ్గిస్తుంది. రోజుకొకటి, అన్నం తిన్నాక, నొప్పి ఉన్నా లేకున్నా. దానికి తోడు కొన్ని నెలలు ఇంకో చిన్న మాత్ర. నీళ్ళు బాగా తాగాలి. ఒంటి మీద దద్దుర్లు వస్తే వెంటనే ఆపి నంద్యాలకు రావాలి. ఇప్పుడు వాపు తగ్గింది కాబట్టి మొదలుపెట్టవచ్చు.

నువ్వు డాక్టరమ్మకు చెప్పని సంగతి కూడా నేను చెప్పేశాను. కనుమ నాటి నుంచి నలభై రోజులు అహోబిల నరసింహస్వామి పార్వేటకు బయలుదేరి, తన పెళ్ళికి రమ్మని ఊరూరా పిలుస్తూ పోతాడనీ, ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆ పల్లకి పక్కన చెప్పుల్లేకుండా గొడుగు పట్టి నడిచేది మా మామ కృష్ణస్వామి అనీ, ఆయనకు పిల్లలు లేరనీ, ఆయన ఆగితే ఆ గొడుగు వేరే ఇంటికి పోతుందనీ. పోయినేడు రుద్రవరం దగ్గర నువ్వు ఒంటికాలి మీద నిలబడి గొడుగు పట్టిన సంగతి కూడా. ఆమె కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నది. "నడుస్తాడు, నేను చెప్పినట్టు వింటే" అన్నది.

చివర ఇంకో మాట కూడా చెప్పింది. అది రాస్తే నువ్వు మిగతాదంతా వదిలేసి దాన్నొక్కటే చదువుతావు. కలిసినప్పుడు చెబుతాను.

దూరం పాటించే మేనల్లుడు,
చక్రపాణి


ఆళ్ళగడ్డ,
25 జూన్ 1978

చిరంజీవి చక్రపాణికి ఆశీర్వచనం. నీ నవ్వులాటలకు కాదు, మిగతా వాటికి.

మాత్రలు అందినాయి. ఈ పొద్దు మొదలుపెట్టినా. నొప్పి లేనప్పుడు మందు ఎందుకో నాకు అర్థం కాల్యా. ఆకలి లేనప్పుడు అన్నం పెట్టినట్లుంది. అయినా నువ్వు రాసినావని మింగినా.

నీళ్ళు తాగమన్నావు, తాగుతా. ఏకాదశి నాడు మాత్రం చుక్క ముట్టను. నాయన ముట్టలేదు, తాత ముట్టలేదు. ఆ పొద్దు మాత్ర కూడా మింగేది లేదు. అన్నం తిన్నాక కదా వేసుకోమనింది? అన్నమే లేదు.

ఇంకొక సంగతి. ఇది మాంసం తినేవాళ్ళ రోగమని ఈడ ఎవరో పుట్టించినారు. మొన్న అంగడి వీధిలో ఒకాయన నా వేలు చూసి, "ఏంది సామీ, ఇంట్లో వంట మారిందా?" అనె. నేను నవ్వలేదు. ఇంటికొచ్చి మీ అత్తకు కూడా చెప్పలేదు. నీకు రాస్తాండా.

కృష్ణస్వామి

నాయనా, నేను మీ అత్త కోమలవల్లిని. కవరు అంటించమని నాకిచ్చిపోయినారు. నాకు చెప్పలేదని రాసినారు గానీ నేను ఆ పొద్దే విన్నా, ఊరంతా చెప్పింది. చిన్న మాత్రకు కడుపు జారుతాండాది. ఆయన నీకు రాయరు, సిగ్గు.


నంద్యాల,
8 జూలై 1978

మామా,

కుడి పాదానికి దగ్గర నుంచి, ఎడమ పాదానికి ఎప్పటి దూరం నుంచే.

వెనకటికి ఈ జబ్బు రాజులకూ జమీందార్లకూ మాత్రమే వచ్చేదట. యేసుదాసన్న దగ్గరున్న పాత పుస్తకంలో చదివాను. కాబట్టి అంగడి వీధిలో ఈసారి ఎవరైనా నవ్వితే, "మాది రాజవంశపు వేలు, మీ వేళ్ళకు అంత యోగ్యత లేదు" అని ముందుకు సాగిపో. ఆళ్ళగడ్డలో అంతకంటే పెద్ద బిరుదు ఇప్పట్లో ఎవరికీ రాదు.

ఏకాదశి గురించి నీతో వాదించే శక్తి నాకు లేదు. పద్నాలుగు రోజులు బాగా తాగి పదిహేనో రోజు మానుకో, స్వామి సర్దుకుంటాడు. చిన్న మాత్ర సంగతి అత్త రాసింది. కడుపులో పడకపోతే కొన్నాళ్ళు మానెయ్యి, అది ఊరికే తోడుకే కదా. పెళ్ళికొడుకు వస్తే తోడి పెళ్ళికొడుకు లేకపోయినా లగ్నం ఆగదు.

నొప్పి రాలేదు కదా? రాదు. వచ్చే కనుమకు నీ వెనక నేను పరుగెత్తవలసి ఉంటుంది.

నీ ఆస్థాన వైద్యుడు,
చక్రపాణి


ఆళ్ళగడ్డ,
14 సెప్టెంబర్ 1978

చక్రపాణికి,

ఈడ క్షేమం. వానలు పర్వాలేదు. నెలనెలా మాత్రలు అందుతాండాయి. యేసుదాసుకు నా మాటగా చెప్పు. అక్కను అడిగినానని చెప్పు.

కృష్ణస్వామి

నాయనా, అత్తను. మాత్రలు అందుతాండాయి అని రాసినారు చూడు, మింగుతాండా అని రాయలేదు. అబద్ధం రాయరు ఆయన. నేను నిజం రాస్తా.

తొలేకాదశి మర్నాడు వేలు మళ్ళీ లేచింది. ఇదివరకు రెండు మూడు దినాలు ఉండేది. ఈసారి పదకొండు దినాలు. ఫ్యాను గాలి తగిలినా అరిచినారు. గడపలో నేను చెంబు దించితే ఆ అదురుకు కూడా పళ్ళు కొరికినారు. ఆ పొద్దే మాత్ర ఆపినారు. నువ్వు పంపేవన్నీ తులసి పూసల పెట్టెలో వరసగా పెడతాండారు, పారేసేదానికి మనసు రాక. ఆ మాత్రే నొప్పి తెచ్చింది అంటారు. నిజమేనా? నిజమైతే చెప్పు, నేను తట్టుకుంటా.


నంద్యాల,
22 సెప్టెంబర్ 1978

మామా,

రెండు పాదాలకూ నమస్కారం. ఈ ఉత్తరంలో నవ్వు లేదు.

అత్త రాసింది చదివి అట్లే డాక్టరమ్మ దగ్గరికి పోయాను. ఆమె మొదట అడిగిన ప్రశ్న ఇది: "ఆ రోజు నేను చివర చెప్పిన మాట ఆయనకు రాశావా?" రాయలేదని చెప్పాను.

ఆ మాట ఇప్పుడు రాస్తున్నాను. జూన్‌లో రాయవలసింది. మాత్ర పనిచేయడం మొదలుపెట్టగానే కీలులో కట్టిన పాత పలుకులు కరగడం మొదలవుతుంది. కరిగేటప్పుడు కదులుతాయి, కదిలినప్పుడు గుచ్చుతాయి. అందుకే మొదటి నెలల్లో నొప్పి మళ్ళీ రావచ్చు, ముందు కంటే ఎక్కువ కూడా రావచ్చు. చిన్న మాత్ర ఇచ్చింది ఆ పోటును అడ్డుకోవడానికే. నేను పెళ్ళికొడుకు కథ చెప్పి మానెయ్యమన్నది దాన్నే. డాక్టరమ్మను ఒక్క మాట అడగకుండా. కడుపు జారితే ఆమె మోతాదు తగ్గించి ఉండేది. దానికి తోడు ఏకాదశి పూట నీళ్ళు లేని పస్తు ఈ జబ్బున్నవాళ్ళకు మంచిది కాదట. దాన్ని కూడా నేను నవ్వులాటగా తేల్చేశాను.

"నొప్పి వస్తే మాత్ర ఆపొద్దు, నా దగ్గరికి రమ్మను. ఇది రాయకపోతే మిగతాదంతా రాసినా దండగే" అని ఆమె నాతో అన్నది. నువ్వు బెదిరి మందు మొదలుపెట్టవేమోనని రాయలేదు. తెలివి అనుకున్నాను.

నీ పదకొండు రోజులూ నా వల్ల వచ్చినవి. మందు వల్ల కాదు. నంద్యాలకు రా మామా. నేనే వచ్చి తీసుకుపోతాను.

చక్రపాణి


ఆళ్ళగడ్డ,
3 అక్టోబర్ 1978

చక్రపాణికి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివినా. రావద్దు.

ఆ పదకొండు దినాలు నేను ఏం చేస్తాంటినో నీకు తెలుసా? స్వామి పక్కన నడిచే కాలు ఇట్లయిందంటే ఏదో తప్పు జరిగి ఉండాది అనుకున్నా. ముప్పై ఒక్క ఏండ్లను ఒక్కొక్క ఏడుగా తీసి చూసుకున్నా. ఏ ఊళ్ళో మనసు చెదిరింది, ఏ పొద్దు అన్నం మీద ధ్యాస పోయింది, ఎవరిని కసురుకున్నా. మీ అత్తను పిలిచి, "నేనేం తప్పు చేసినానో నీకు తెలిస్తే చెప్పు" అని అడిగినా. ఆమె ఏడ్చింది. అంగడి వీధిలో నవ్వినవాడు కూడా గుర్తుకొచ్చినాడు, వాడికి తెలిసింది నాకు తెలియదేమో అనుకున్నా.

ఒక్క మాట రాసి ఉంటే, ఇది మందు పని అనుకొని పండుకొని ఉందును. నొప్పి ఓర్చుకునే శక్తి నాకుంది. నువ్వు లేదనుకున్నావు.

పుట్టినప్పటి నుంచి నీ మాటకు నవ్వినవాణ్ణి. ఇప్పుడు "ఈ ఉత్తరంలో నవ్వు లేదు" అని రాస్తే అది కూడా నీ ఆటేమో అనిపిస్తాండాది. ఏది నిజమో ఏది ఆటో నేనెట్ల తెలుసుకునేది?

మాత్రలు పంపొద్దు. కనుమ నాటికి వేలికి గుడ్డ చుట్టుకొని నడుస్తా.

కృష్ణస్వామి


నంద్యాల,
18 డిసెంబర్ 1978

మామా,

నమస్కారం. ఇది నేను రాస్తున్న నాలుగో ఉత్తరం. ముందరి మూడింటికి జవాబు రాలేదు. అడగడం లేదు, ఎన్నోదో చెబుతున్నాను అంతే.

అమ్మ నన్ను మందలించడం కూడా మానేసింది, అంటే నేరం ఎంత పెద్దదో అర్థమైంది. యేసుదాసన్న మాత్రం రోజూ ఒకసారి, "మీ మామ కాలు ఎట్లుందప్పా?" అని అడుగుతాడు. తెలియదన్నా అంటాను.

ముక్కోటి ఏకాదశి వస్తోంది. ఆ రోజు నీళ్ళు తాగమని బతిమాలుతున్నాను. ఇది ఆట కాదని ఎట్లా నిరూపించాలో నాకు తెలియడం లేదు.

చక్రపాణి


ఆళ్ళగడ్డ,
11 జనవరి 1979

చక్రపాణికి,

మొన్న ముక్కోటి ఏకాదశి. నిన్న తెల్లవారి వేలు లేచింది. ఈ పొద్దు మడమ కూడా. గోడ పట్టుకొని లేచినా, పడినా.

కనుమకు నాలుగైదు దినాలుండాది. అహోబిలానికి మనిషిని పంపి పెద్దల్ని అడిగించినా. అక్క కొడుకు పట్టొచ్చు అన్నారు. కానీ ఒక్క ఏడే. నా చేత్తో రాసిస్తేనే. వచ్చే కనుమకు నేను లేచి నడవకుంటే గొడుగు ఇంకొకరికి ఇస్తారు. కాగితం ఇందులో పెట్టినా.

చెప్పులు ఉండవు. గొడుగు కర్ర భుజానికి కాదు, రొమ్ముకు ఆనించి పట్టు. భుజానికి ఆనిస్తే మూడో దినానికి చెయ్యి రాదు. బోయీల పెద్ద ఓబులేసు పల్లకి ముందు కొమ్ము కింద ఉంటాడు, వాడు చెప్పినట్లు విను. నా కంటే వానికి ఎక్కువ తెలుసు. దోవలో ఆడబిడ్డలు హారతి పట్టేటప్పుడు ఓపికగా నిలబడు. పల్లకి దగ్గర నవ్వులాటలు వద్దు.

నిన్ను క్షమించి పంపడం లేదు. వేరే దారి లేక పంపుతాండా.

కృష్ణస్వామి


రుద్రవరం తోవలో,
4 ఫిబ్రవరి 1979

మామా,

రెండు పాదాలకూ నమస్కారం. ఇన్నాళ్ళూ పాదాలు అంటే ఉత్తరం మొదట్లో రాసే మాట అనుకున్నాను. ఇరవై రోజులు నడిచాక అవి ఒళ్ళు మోసేవి అని తెలిసింది. నావి రెండూ పగిలాయి. శనగ చేల గట్ల మీద ఒక రకం ముల్లు ఉంటుంది, అది నీకు బాగా తెలుసట. ఓబులేసు తన పిన్నీసుతో తీస్తూ, "మీ మామకైతే నేను తీసే పని ల్యాకుండె, ముల్లే పక్కకు పొయ్యేది" అన్నాడు.

ప్రతి ఊళ్ళో నిన్నడుగుతున్నారు. "పెద్ద సామి యాడ?" అంటారు. కాలు బాగాలేదంటే ఒక్కరూ నవ్వలేదు మామా. బాచేపల్లిలో ఒక ముసలామె స్వామికి ఇచ్చిన హారతి పళ్ళెం నా ముందుకు తెచ్చి, "ఇంత విబూది ఆ సామి కాలికి పూయి నాయనా" అన్నది. వైష్ణవుడికి విబూది ఏమిటమ్మా అని నోటిదాకా వచ్చింది. నీ మాట గుర్తొచ్చి మింగేశాను. పొట్లం కట్టి దాచాను.

ఇప్పుడు నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. మళ్ళీ దాచి తర్వాత చెప్పడం నాకు చేతకాదు.

మొన్న పొద్దున్నుంచి మబ్బు. ఎండ జాడ లేదు. చేతులు తిమ్మిరెక్కాయి. ఊరింకా దూరముంది, తోవలో మనుషులు లేరు. గొడుగు ముడిచి భుజాన వేసుకున్నాను. పది అడుగులు వేశానో లేదో పల్లకి ఆగింది.

"ఏంది సామీ, గొడుగు ముడిసినావే?" ఓబులేసు తల తిప్పకుండానే అడిగాడు.

"ఎండ లేదు కదా ఓబులేసా."

"అది ఎండ కోసరమని నీకెవురు సెప్పినారు?"

బి.ఎస్సీ. చదివినవాణ్ణి కదా, వాదించాను. "గొడుగు ఎండకు కాక దేనికప్పా?"

"సామి బయట ఉండాడు గాబట్టి గొడుగు ఉండాది. ఎండొచ్చినాంక ఇప్పుదామంటే, నువ్వు ఇప్పేలోపల ఆయప్ప మొగాన పడుతుందే, దానికేం జవాబు సెప్తావ్? మీ మామ ముప్పై ఏండ్లల్లో మబ్బు దినం కూడా దించల్యా. వాన్లో దించల్యా. కాలు వాసినప్పుడూ దించల్యా. ఇప్పు. ఇప్పి నడువు."

వెనక ముగ్గురు బోయీలు పల్లకి బరువు మోస్తూనే నిలబడి ఉన్నారు, నేను విప్పేదాకా. విప్పాను. మళ్ళీ దించలేదు.

నువ్వు తిట్టవలసింది ఉంటే రుద్రవరం పోస్టుమాస్టరు పేరున రాయి. నాకు చేరుతుంది.

చక్రపాణి


ఆళ్ళగడ్డ,
10 ఫిబ్రవరి 1979

చిరంజీవి చక్రపాణికి,

గొడుగు దించినందుకు తిట్టాలని కూర్చున్నా. సగం తిట్టు రాసి ఆపినా. ఆ కాగితం చించి ఇది రాస్తాండా.

నొప్పి లేని పొద్దు మాత్ర ఎందుకు అని నీకు జూన్‌లో రాసినా. ఆ తిక్కమాట రాసింది ఎవరు? ఎండ లేని పొద్దు కూడా గొడుగు దించనివాణ్ణి నేనే. నాకు ఈ సంగతి ఒకరు చెప్పాల్సిన పని లేకుండె. ఓబులేసు నీకు చెప్తే, నువ్వు నాకు రాస్తే, మంచం మీద పండుకొని నేను తెలుసుకోవాల్సి వచ్చింది. వానికి ఇది చెప్పొద్దు. చెప్తే మోసే కొమ్ము దించి నవ్వుతాడు.

వాపు దిగింది. నిన్న గడప దాటినా. డాక్టరమ్మను అడుగు, మళ్ళీ ఎప్పటి నుంచి మొదలుపెట్టాలో. చిన్న మాత్ర ఎంత వేసుకోవాలో. పెట్టెలో దాచినవి పనికొస్తాయో లేదో.

ఈసారి ఆమె చెప్పిన మాటలన్నీ రాయి. భయపెట్టే మాటలు ముందు రాయి.

విబూది పొట్లం పారేయొద్దు. తీసుకొని రా.

కృష్ణస్వామి


నంద్యాల,
2 మార్చి 1979

మామా,

నమస్కారం. నువ్వు చెప్పిన వరసలోనే రాస్తున్నాను.

భయపెట్టేవి: మొదటి నెలల్లో నొప్పి రెండు మూడుసార్లు రావచ్చు. వేలు ఎర్రబడవచ్చు. ఆ రోజు మాత్ర ఆపకుండా మనిషితో కబురు పంపాలి. ఒంటి మీద దద్దుర్లు గానీ, జ్వరం గానీ, నోట్లో పుండ్లు గానీ వస్తే మాత్రం మరు నిమిషం ఆపి బస్సెక్కాలి. అది ఆటలాడే విషయం కాదని డాక్టరమ్మ బల్ల మీద కొట్టి చెప్పింది. రెండు నెలలకొకసారి రక్తం ఇవ్వాలి. ఇది ఏడాదికో రెండేళ్ళకో అయిపోయే మందు కాదు. బహుశా ఎప్పటికీ. మానేస్తే పలుకులు మళ్ళీ కడతాయి.

మామూలువి: చిన్న మాత్ర సగం మోతాదు చాలు. పాత మాత్రలు తేమ తగిలి ఉంటాయి, పారేయమన్నది. నేను కొత్తవి తెస్తాను. ఏకాదశికి అన్నం మానినా నీళ్ళు మానొద్దు.

మంచిది ఒకటే: "నడుస్తాడు."

ఆదివారం మొదటి బస్సుకు వస్తున్నాను. రావద్దంటే వాకిట్లో నిలబడి మాత్రలు అత్తకిచ్చి పోతాను.

చక్రపాణి


ఆళ్ళగడ్డ,
9 నవంబర్ 1979

చిరంజీవి చక్రపాణికి ఆశీర్వచనం.

ఏప్రిల్‌లో ఒకసారి వచ్చింది, నాలుగు దినాలు. జూలైలో ఒకసారి, ఒకటిన్నర దినం. రెండుసార్లూ మాత్ర ఆపలేదు. అప్పటి నుంచి ఇంతవరకు లేదు. మొన్న డాక్టరమ్మ కాగితం చూసి, "ఇంకొంచెం దిగింది, ఇట్లే ఉండనీ" అనింది. నామం వైపు కూడా చూసింది. ఈసారి నేను బస్సులో అరవలేదు.

నీ దగ్గర దాచకూడదని ఒకటి రాస్తాండా. ఏకాదశి నాడు అన్నం ముట్టను. తులసి వేసిన నీళ్ళు తాగుతాండా. ఎవర్నీ అడగలేదు. అడిగితే వద్దంటారేమోనని అడగలేదు. నిన్ను నేను తిట్టింది ఇట్లాంటి పనికే. మీ అత్తకు ఈ సంగతి తెలుసు, చెంబు ఆమే పెడుతుంది, ఇద్దరం మాట్లాడుకోం.

కనుమకు అహోబిలం పోతాండా. గొడుగుకు కొత్త గుడ్డ కుట్టించినా.

కృష్ణస్వామి

నాయనా, అత్తను. తెల్లవారుజామున చెప్పుల్లేకుండా చేను గట్టు మీద నడిచి వస్తాండారు, నాకు తెలియదనుకుంటాండారు.


రుద్రవరం,
8 ఫిబ్రవరి 1980

చిరంజీవి చక్రపాణికి,

ఈ పొద్దుకు ఇరవైనాలుగు దినాలు. కాళ్ళు పగిలినాయి, రెండూ ఒకే తీరుగ పగిలినాయి. పోయినేడు నువ్వు తొక్కిన ముల్లు ఈ పొద్దు నేనూ తొక్కినా. ఓబులేసు పిన్నీసు తీసి, "మేనల్లుని అలవాటు మామకొచ్చిందే" అనె. ఈసారి నవ్వినా.

ఊళ్ళల్లో నిన్ను అడుగుతాండారు. "చిన్న సామి యాడ? బాగా నవ్విస్తాడు" అని. పల్లకి దగ్గర నవ్వులాటలు వద్దని నీకు రాసి పంపితిని. నువ్వు వినలేదన్నమాట.

నువ్వు దాచిన మాటను నేను మరవలేదు. మరిచినానని రాస్తే అబద్ధం అవుతాది. వరసగా పోయే ఏండ్లల్లో ఒక ఏడు తెగింది, అది మళ్ళీ అతకదు. కానీ ఆ ఏడు గొడుగు దిగలేదు. నా కాళ్ళ బదులు నీ కాళ్ళ మీద నడిచింది. ఈ మాట నీ ఎదుట చెప్పలేను, అందుకే రాస్తాండా.

తులసి పూసల పెట్టెలో ఇప్పుడు పూసలే ఉండాయి. మాత్రలు పంచె కొంగులో ముడి వేసుకున్నా. పొద్దున పల్లకి ఎత్తకముందు ప్రసాదం తిని ఒకటి మింగుతా. నిన్న ఒక ఊళ్ళో రెడ్డి ఒకాయన చూసి, "కాలు బాగుండాది కదా సామీ, నొప్పి ల్యాకుంటే మందెందుకు?" అని అడిగె.

నేను పైకి చూపించినా. పొద్దున్నుంచి మబ్బు పట్టి ఉండె. స్వామి మీద గొడుగు విప్పే ఉండె. ఆయన మబ్బును చూసె, గొడుగును చూసె, నన్ను చూసె. ఊరి పొలిమేర దాకా నా పక్కన నడిచినాడు.

పార్వేట ముగిసినాక ఇంటికి రా. ఉత్తరంలో మూడు గజాల దూరం నుంచి పెట్టే ఆ నమస్కారం ఇక చాలు. దగ్గరికొచ్చి పెట్టు. ఎడమ దానికి ముందు.

నీ మామ,
కృష్ణస్వామి